నూరు పాయింట్ల గంట

గంట మ్రోగినప్పుడు మనకు వినిపించేది ఒక్క శబ్దమే గాని, దాని వెనుక పనిచేసినవి రెండు వస్తువులు. కొట్టినది ఒకటి, దెబ్బ తిన్నది మరియొకటి. వీనికి తోడు మూడవది వినేవాని చెవి. శబ్దం సన్నగిల్లినదని ఎవరైనా అన్నప్పుడు, లోపం ఈ మూడింటిలో దేనియందున్నదో చటుక్కున చెప్పడానికి వీలులేదు. క్రిందటి వేసవిలో సెలవుపై అమెరికా వెళ్ళినప్పుడు ఈ చిక్కు నాకు ఎదురైనది. అది ఒక ఆటయంత్రంలోని గంటకు సంబంధించినదే అయినా, మా పెదనాన్నగారి మనస్సుకు కూడా సంబంధించినది కనుక దానిని గురించి ఈ పూట మీతో ముచ్చటించదలచినాను.

పెదనాన్నగారు 1972లో పైచదువుకై ఆ దేశం వెళ్ళి అక్కడనే స్థిరపడినారు. ఇప్పుడు చికాగో నగర శివారులో కుమారునితో ఉంటున్నారు. ఆ యింటి నేలమాళిగలో ఒక పాత పిన్‌బాల్ యంత్రం ఉన్నది. విద్యార్థిగా ఉన్న రోజులలో వారు పది సెంట్ల నాణెం వేసి ఆడిన యంత్రాల కోవకు చెందినదే అది. ఉద్యోగ విరమణ తరువాత ఎక్కడనో వెదకి కొనుక్కున్నారు. ఆ వయస్సులో ఆ ఆట ఏమిటని పెద్దమ్మగారు ఆక్షేపించినారట. నాలుగు దినాలు గడిచేసరికి ఆమెకూడా ఆడడం మొదలుపెట్టినారట. ఆమె ఇప్పుడు లేరు.

ఈ యంత్రాన్ని ఎరుగనివారికోసం రెండు మాటలు చెప్పవలెను. నాలుగు కాళ్ళపై నిలిచిన పొడుగాటి పెట్టె. దానిలో ముందువైపునకు వాలుగా అమర్చిన బల్ల. పైన అద్దపు మూత. ఎనుబది గ్రాముల బరువుగల ఉక్కు గుండును స్ప్రింగుతో పైకి కొట్టితే, అది వాలున దిగివస్తూ దారిలోని బంపర్లకూ మీటలకూ తగిలి పాయింట్లు తెస్తుంది. అడుగుకు జారిపోకుండా ఫ్లిప్పర్లు అనే రెండు రెక్కలతో దానిని తిరిగి పైకి కొట్టుతూ ఉండవలెను. అంతే ఆట. ఆడనివారికి పిచ్చి. ఆడేవారికి అంతకంటె పెద్ద పిచ్చి.

చికాగో ఈ యంత్రాలకు పుట్టినిల్లువంటిది. 1931లో డేవిడ్ గాట్లీబ్ అక్కడ తయారుచేసిన బాఫిల్ బాల్‌లో విద్యుత్తు అన్నది లేదు, ఫ్లిప్పర్లు లేవు. హారీ విలియమ్స్ 1933లో రూపొందించిన కాంటాక్ట్ అనే యంత్రంలో విద్యుదయస్కాంతం ఒకటి గుండును గుంటలోనుండి బయటకు తన్నేది, మరియొకటి గంటను కొట్టేది. ఫ్లిప్పర్లు 1947లో హంప్టీ డంప్టీ అనే యంత్రంతో వచ్చినవి. నడుమ ఈ ఆటను జూదమని తలచి న్యూయార్కు నగరంలో మేయర్ లాగార్డియా నిషేధించినారు. 1942 నుండి 1976 వరకు ఆ నగరంలో ఆ నిషేధం నిలిచినది. పోలీసులు సమ్మెటలతో యంత్రాలను పగులగొట్టిన ఛాయాచిత్రాలు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిని చూసినప్పుడెల్లా, ఆ పెట్టెలలోని గంటలు చివరిసారిగా ఎట్లా మ్రోగి ఉంటాయోనని నాకు అనిపిస్తుంది. ఆకాశవాణి ఉద్యోగికి వచ్చే ఆలోచనలు ఇట్లాగే ఉంటాయి.

పెదనాన్నగారి యంత్రం 1970 తరువాత మొదటి రెండు మూడు సంవత్సరాలలో తయారైనది. దానిలో వాల్వు లేదు, ట్రాన్సిస్టరు లేదు, లౌడ్‌స్పీకరు లేదు. ఎలక్ట్రానిక్ ధ్వనులు వచ్చి ఈ గంటలను వెళ్ళగొట్టడం 1970 దశాబ్దపు చివరిమాట. బ్రదుకంతా లౌడ్‌స్పీకర్లతో గడిపిన నాకు, తన ధ్వనిని తానే పుట్టించుకొనే ఆ పెట్టెపై గౌరవం కలిగినది. దాని లోపల ఒక చెక్కపెట్టెమీద మూడు లోహపు పలకలు వరుసగా అమర్చి ఉన్నవి. వీటిని చైములంటారు. పొడుగు పలక మంద్రంగానూ, పొట్టి పలక హెచ్చుగానూ పలుకుతుంది. పది పాయింట్లు వస్తే ఒకటి, నూరు వస్తే ఒకటి, వెయ్యి వస్తే ఒకటి మ్రోగవలెను.

పెదనాన్నగారికి డెబ్బదిఆరు సంవత్సరాలు. కొంతకాలంగా చూపు మందగించినది. దీపాల వెలుగులో కదిలే గుండు కనిపిస్తుందిగాని, ఎదుటి గాజుపలక వెనుక తిరిగే అంకెలు కనిపించవు. కనుక ఎన్ని పాయింట్లు వచ్చినవో వారు చెవితోనే లెక్కించుకొంటారు. ఇది వినడానికి విచిత్రంగా ఉన్నా, నేను స్వయంగా చూచినాను. ఆట ముగియగానే ‘ఎంతరా?’ అని అడగడం మానివేసి, ‘నలభైరెండు వేల మూడువందలు, చూడు’ అంటారు. చూస్తే ఏ పదికో ఇరవైకో తేడా ఉండేది.

అయితే నేను వెళ్ళేనాటికి ఆరు నెలలుగా వారు ఆ యంత్రం జోలికే పోవడంలేదు. నూరు పాయింట్ల గంట వినిపించడంలేదన్నారు. పదీ వినిపిస్తున్నది, వెయ్యీ వినిపిస్తున్నది, నడిమిది మాత్రం ఎక్కడనో గోడ అవతల కొట్టినట్లున్నది. కన్ను పోయిన దారినే చెవీ పోతున్నదని వారు నిశ్చయించుకొన్నారు. ఇంటిలోనివారు కూడా అట్లాగే తలచి చెవి వైద్యునివద్ద పరీక్షకు తేదీ తీసుకొన్నారు. ‘ఫరవాలేదురా, వయసు’ అని నాతో అన్నారుగాని, ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. భోజనాల వద్ద నలుగురూ మాట్లాడుతుంటే వినడానికి ప్రయత్నించడం మానివేసినారని గమనించినాను. వినిపించదని తేలిపోయిన మనిషి వినిపించేదానిని కూడా విడిచివేస్తాడు.

నేలమాళిగకు దిగి నేనే ఒక ఆట ఆడినాను. నూరు పాయింట్ల గంట నాకు కూడా సన్నగానే వినిపించినది. ఫోనులో రికార్డు చేసి చూద్దామని తమ్ముడన్నాడు. ఫోను చిన్న శబ్దాన్ని తనంతట తానే హెచ్చించి, పెద్ద శబ్దాన్ని తగ్గించుకొంటుంది గనుక ఈ విషయంలో దాని సాక్ష్యం చెల్లదని చెప్పినాను. మరి నా చెవి సాక్ష్యం మాత్రం ఎట్లా చెల్లుతుంది? నాకూ నలుబదిఏడు నిండినవి.

అందుచేత కొట్టేదానినీ, దెబ్బతినేదానినీ వేరుచేసి చూడవలెననుకొన్నాను. యంత్రపు తీగను గోడ ప్లగ్గునుండి ఊడదీసినాను. మీట ఆపివేసినంత మాత్రాన చాలదు. అట్టి యంత్రాలలో మీట ఆగి ఉన్నా కొన్నిచోట్ల 120 వోల్టుల ప్రవాహం నిలిచే ఉండవచ్చును. తరువాత వాలుబల్లను పైకెత్తి నిలిపి, ఒక పెన్సిలును తలక్రిందులుగా పట్టుకొని దాని వెనుక రబ్బరుతో మూడు పలకలనూ ఒకే తీరున కొట్టినాను. మూడూ ఖంగుమన్నవి. నడిమిది తక్కిన రెంటికీ ఏమాత్రం తీసిపోలేదు. పది అడుగుల దూరంలో కుర్చీలో కూర్చున్న పెదనాన్నగారు తల ఎత్తినారు. ‘అదేరా నూరు. బాగైపోయిందా?’ అన్నారు.

బాగుకాలేదు. కాని పలకా నిర్దోషి, చెవీ నిర్దోషి అని తేలిపోయినది. ఆ మాట వారితో అప్పుడే చెప్పినాను. నమ్మినట్లు కనబడలేదు.

పలకను గురించి ఒక సంగతి. లోహపు పలకను రెండుచోట్ల ఆనించి కొట్టినప్పుడు, ఒక్కొక్క కొసనుండి మొత్తం పొడవులో ఇంచుమించు 22 శాతం దూరంలో ఉన్న రెండు స్థానాలు కదలక నిలుస్తాయి. తక్కినదంతా కంపిస్తుంది. అందుచేతనే రబ్బరు వలయాలతో బిగింపు ఆ రెండుచోట్లనే ఉంటుంది. కాష్ఠతరంగపు చెక్కలకు ఆనికలు కూడా కొసలకంటె లోపలగా ఉండడానికి కారణమిదే. ఏళ్ళు గడిచి ఆ రబ్బరు రాయివలె గట్టిపడినా, ఎవరైనా శ్రద్ధకొద్దీ మరలను మితిమీరి బిగించినా, పలక నోరు నొక్కినట్లవుతుంది. అప్పుడు పెన్సిలుతో కొట్టినా మ్రోత సాగదు, టక్కుమని ఆగిపోతుంది. ఇక్కడ అట్లా జరగలేదు గనుక వలయాలను ముట్టుకోలేదు. స్వరం విషయంలో కూడా తీగకూ పలకకూ భేదమున్నది. వీణతీగ పొడవును సగం చేస్తే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. పలకను సగం చేస్తే రెండు స్థాయిలు పోతుంది. అందుకే మూడు పలకల పొడవులలో కంటికి కనిపించే తేడా కొంచెమే అయినా స్వరాలలో తేడా స్పష్టంగా ఉంటుంది.

ఇక కొట్టే వస్తువు. ప్రతి పలక క్రిందా ఒక తీగచుట్ట, అనగా కాయిల్, నిలువుగా ఉన్నది. దాని నడుమ స్లీవు అనే నైలాను గొట్టం. ఆ గొట్టంలో ఉక్కు ప్లంజరు, దాని తలపై నైలాను మొన. కాయిల్‌లో విద్యుత్తు ప్రవహించిన లిప్తకాలంలో ప్లంజరు పైకెగిరి పలకను కొట్టి తన బరువుతో తానే క్రిందికి పడిపోతుంది. పడిపోవడం చాలా ముఖ్యం. కొట్టి అక్కడనే ఆనుకొని నిలిస్తే, గంటను కొట్టినవాడు దానిని చేతితో పట్టుకొన్నట్లవుతుంది.

కాయిల్ తనంతట తాను పనిచేయదు. నూరు పాయింట్ల బంపరును గుండు తాకగానే నూరు పాయింట్ల రిలే లేచి, దాని స్విచ్చులు కలిసి, ఒకటి అంకెల చక్రాన్ని ఒక మెట్టు త్రిప్పుతుంది, ఒకటి గంటను కొట్టిస్తుంది. కనుక మొదట చూడవలసినది అంకెల చక్రం చురుకుగా తిరుగుతున్నదా అని. అదీ నీరసంగా కదులుతుంటే లోపం రిలేలోనో, ఫ్యూజు బిగింపులోనో, అంతకు పైనున్న ట్రాన్స్‌ఫార్మరులోనో ఉండవచ్చును. ఇక్కడ చక్రం టకటకమని తిరుగుతున్నది. గంట ఒక్కటే నీరసించినది. అనగా లోపం గంట స్విచ్చుకూ ప్లంజరు మొనకూ నడుమ ఎక్కడనో ఉన్నది.

ఇక్కడ నేను పొరపాటు చేసినాను. ఆకాశవాణిలో పనిచేసేవారికి శబ్దం తగ్గినదంటే ముందుగా అనుమానం కలిగేది కాంటాక్టులపైననే. రిలే స్విచ్చుల మొనలు మసిబారి ఉండడం చూచి, దొంగ దొరికినాడని సంతోషించినాను. నా అనుమానం పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. మసివల్ల నిరోధం పెరిగితే కాయిల్‌లో ప్రవాహం తగ్గుతుంది. ప్రవాహం పదింట ఒకవంతు తగ్గితే అయస్కాంతపు లాగుడు పదింట ఒకవంతే తగ్గదు, ఇంచుమించు అయిదింట ఒకవంతు తగ్గుతుంది. ఆ సాయంకాలమంతా గట్టి అట్టముక్కను మొనల నడుమ పెట్టి లాగుతూ, నల్లబడిన చోట సన్నని ఆకురాయిని తేలికగా ఆడిస్తూ కూర్చున్నాను. రాత్రి తొమ్మిదింటికి ప్లగ్గు పెట్టి ఆడి చూస్తే గంట మునుపటివలెనే ఉన్నది. మెట్లమీదనుండి పెదనాన్నగారు వింటున్నారని తరువాత తెలిసినది. వారు ఏమీ అనకుండా వెళ్ళి పడుకొన్నారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మరునాడు తమ్ముడు ఒక సంగతి బయటపెట్టినాడు. గంట సన్నగిల్లిన కొత్తలోనే అతడు ట్రాన్స్‌ఫార్మరువద్ద తీగను మామూలు కొసనుండి హెచ్చు వోల్టుల కొసకు మార్చినాడట. ఇంటికి వచ్చే విద్యుత్తు బలహీనంగా ఉండేచోట్ల వాడుకోవడానికని అట్టి కొసను కొన్ని యంత్రాలలో ఏర్పరచినారు. దానివల్ల బంపర్లు గుండును మరింత బలంగా తన్నసాగినవి, ఆట వేగం పెరిగినది, పెదనాన్నగారి చేతులకు గుండు అందడం కష్టమైనది. గంట మాత్రం మారలేదు. బలం చాలక మ్రోగని గంట కాదది. వచ్చిన బలం దారిలోనే ఎక్కడనో ఖర్చైపోతున్నది.

అప్పుడుగాని నాకు అన్నింటికంటె సులభమైన పరీక్ష తోచలేదు. ప్లగ్గు ఊడదీసి, చిటికెనవ్రేలితో పది పాయింట్ల ప్లంజరును క్రిందినుండి పైకి నెట్టి విడిచినాను. టక్కున పడిపోయినది. వెయ్యి పాయింట్లదానిని నెట్టినాను. అదీ పడిపోయినది. నూరు పాయింట్లదానిని నెట్టి విడిచితే, చలికాలపు ఉదయాన గడ్డకట్టిన నేతిలో చెంచావలె, మెల్లగా, ఎంతో మర్యాదగా దిగివచ్చినది.

రెండు మరలు తీసి కాయిల్‌ను వేరుచేసి ప్లంజరును బయటకు లాగినాను. దానిచుట్టూ గోధుమరంగు జిడ్డు. స్లీవు లోపల కూడా అదే. వ్రేళ్ళకు అంటుకొన్నది సబ్బుతోగాని పోలేదు. తమ్ముని వైపు చూచినాను. రెండేళ్ళ క్రిందట ఆ ప్లంజరు కొంచెం గరగరలాడుతుంటే కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసినాడట. ‘యంత్రమన్నాక నూనె వేయరా అన్నయ్యా?’ అన్నాడు. అతని ప్రశ్నలో తప్పులేదు. ఇరుసుకూ బందుకూ నూనె వేస్తాము. కాని ఈ స్లీవులో ఉక్కు నైలానుపై పొడిగా జారవలెను. నూనె వేస్తే కొన్నాళ్ళు హాయిగానే ఉంటుంది. ఆ తరువాత దుమ్మూ లోహపు పొడీ దానిలో చేరి, కాయిల్ వేడికి ముదిరి, జిగురుగా మారుతుంది. గంటకు చేసిన ఉపకారమే దానికి గుదిబండ అయినది.

ఆ జిగురు వలన కలిగే నష్టం పైకి కనిపించేదానికంటె పెద్దది. కాయిల్‌కు విద్యుత్తు అందేది లిప్తకాలం మాత్రమే. ఆ వ్యవధిలో ప్లంజరు పరుగందుకోకపోతే పలకవద్దకు చేరేసరికి దానిలో వేగముండదు. వేగం సగమైతే దెబ్బలోని శక్తి సగం కాదు, నాల్గవవంతు. పలకను కొట్టడానికి వెళ్ళినది పలకను పలుకరించి వస్తున్నదన్నమాట.

ప్లంజరును స్పిరిటుతో తుడిచినాను. దాని అడుగుకొస దెబ్బలకు పుట్టగొడుగు తలవలె అంచులు విచ్చుకొని ఉన్నది. అదికూడా గొట్టంలో రాచుకొంటుంది కనుక ఆ అంచులను ఆకురాయితో సమం చేసినాను. నైలాను మొన పగలలేదు. పగిలి ఉంటే ఉక్కు ఉక్కునే తాకి గంట గీచినట్లుగా పలికేది. స్లీవును కడగవచ్చునుగాని, ఒరుసుకుపోయినదానిని కడిగి ప్రయోజనంలేదు. అది ఎంతో ఖరీదైన వస్తువు కాదు. పాత యంత్రాల సామగ్రి అమ్మేవారికి తమ్ముడు కబురుచేయగా నాలుగు దినాలకు తపాలాలో వచ్చినది. ఆ వ్యవధిలో కాయిల్‌ను కూడా పరీక్షించినాను. ఒక తీగ టంకం విప్పి దాని నిరోధం కొలిచి, పక్కనున్న అదే సంఖ్యగల కాయిల్‌తో పోల్చి చూస్తే రెండూ సమానంగానే ఉన్నవి. లోపలి చుట్లు ఒకదానితోనొకటి కలిసిపోయి ఉంటే ఇది తక్కువగా చూపేది. కొత్త స్లీవులో ప్లంజరును పొడిగా దింపి తలక్రిందులు చేస్తే దానంతట అది జారి అరచేతిలో పడినది. ట్రాన్స్‌ఫార్మరు తీగను మామూలు కొసకు తిరిగి మార్చినాము.

పెదనాన్నగారిని పిలవలేదు. తమ్ముడూ నేనూ ఆట మొదలుపెట్టినాము. నూరు పాయింట్ల గంట రెండవసారి మ్రోగేసరికి మెట్లమీద చెప్పుల చప్పుడైనది. వచ్చి నన్ను ప్రక్కకు తప్పుకోమన్నారు. మూడు ఆటలు వరుసగా ఆడినారు. మొదటి ఆటలో లెక్క నాలుగువందలు తప్పినది, అలవాటు తప్పినందువల్ల. మూడవదానిలో సరిపోయినది.

చెవి వైద్యునివద్ద తీసుకొన్న తేదీని రద్దు చేయనీయలేదు నేను. యంత్రం చెడినదని తేలినంతమాత్రాన చెవి చెడలేదని తేలినట్లు కాదు. వయస్సుతో చెవి మొదట పోగొట్టుకొనేది హెచ్చు స్వరాలను. మాటలలో స, ష, త వంటి అక్షరాల అంచులు ముందుగా అరిగిపోతాయి. పరీక్షలో వారికి పై స్వరాలలో కొంత తగ్గుదల ఉన్నదని తేలినది. పరికరం పెట్టుకొనే విషయం ఆలోచించుకోమన్నారు. ‘ఆలోచిస్తానులే, నూరు వినపడుతోందిగా’ అన్నారు కారులో. ఆ రాత్రి భోజనాలవద్ద మా మాటలకు రెండుసార్లు అడ్డువచ్చి, ‘ఏమిటీ, మళ్ళీ చెప్పు’ అన్నారు. ఆరు నెలలుగా అట్లా అడగలేదని మరదలు నాతో అన్నది.

నేను తిరిగివచ్చిన పదిహేను దినాలకు ఫోను చేసినారు. కుశల ప్రశ్నలయిన తరువాత గొంతు తగ్గించి, ‘ఒరే, నువ్వు బాగుచేసిన నూరు ఇప్పుడు వెయ్యిని మింగేస్తోందిరా. మిగిలిన రెంటికీ కూడా స్లీవులు తెప్పించమని వాడితో చెప్పు. నేను చెబితే వినడు’ అన్నారు.